485వ సంవత్సరం, సాలిస్‌బరీ

నిన్న రాత్రి మా కొత్త ఆట మొదలైంది. ఇంకా అందులోంచి బయటకు రాలేదు నేను.

ఆట పేరు పెన్‌డ్రాగన్, బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట. గ్రెగ్ స్టాఫర్డ్ తయారుచేశాడు, 1985లో వచ్చింది. మేము నలుగురం నైట్లం, అంటే గుర్రమెక్కి పోరాడే వీరులం; కథ నడిపేది మా ఫ్రెండ్. మా కథ 485లో, ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో మొదలవుతుంది; పాత కథల్లోని ఆర్థర్ రాజు ఇంకా పుట్టనే లేదు, అతని తండ్రి ఊథర్ రాజు. నా నైట్‌కి 21 ఏళ్లు. ఓ గుర్రం, చిన్న భూమి, తండ్రి వదిలి వెళ్లిన పేరు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది గుణాల లెక్క. దయ ఒకవైపు, క్రూరత్వం ఒకవైపు, రెండూ కలిపితే 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. ఇలాంటి జంటలు 13 ఉన్నాయి. నేను దయకి 13 పెట్టుకున్నాను.

నిన్న మా శత్రువులైన శాక్సన్లలో ఓ కుర్రాడు కత్తి పడేసి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వదిలేద్దామనే ఉంది నాకు. ఇరవై ముఖాల పాచిక వేశాను: 17. పదమూడు దాటింది, దయ ఓడిపోయింది. క్రూరత్వానికి మళ్లీ వేశాను: 4. ఏడు లోపే, అంటే అదే గెలిచింది. బల్ల చుట్టూ ఒక్కరూ మాట్లాడలేదు. నా నైట్ కత్తి ఎత్తాడు.

దయ పక్కన ఉన్న 13ని పెన్సిల్‌తో అలాగే ఉంచాను. కథలో చలికాలం వస్తే ఏడాది గడిచినట్టు, అప్పుడు ఈ అంకెలు మారొచ్చు. ముందుముందు వీడికి పెళ్లి, పిల్లలు. వీడు పోతే వీడి కొడుకుతో ఆడాలి. ఆ కొడుక్కి ఈ సంగతి ఎవరు చెబుతారా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను.