ఏఐ గీసిన పిక్సెల్ ఆర్ట్‌ని గేమ్‌లో పెట్టే ముందు

ఏఐ ఇచ్చే పిక్సెల్ ఆర్ట్ (చిన్న చదరపు గడులతో కూర్చిన బొమ్మ) దూరం నుంచి బాగుంటుంది. జూమ్ చేస్తే గడులు ఒకే సైజులో ఉండవు, అంచులు మసగ్గా ఉంటాయి. ఎస్‌డీఎక్స్‌ఎల్ లాంటి బొమ్మలు గీసే ఏఐ మోడల్ 1024×1024 పిక్సెళ్ల బొమ్మ గీస్తుందే తప్ప గడులు లెక్కపెట్టుకుని రంగు నింపదు. అందుకే నియరెస్ట్ నైబర్ పద్ధతిలో (రంగులు కలపకుండా దగ్గరి పిక్సెల్ రంగునే తీసుకునేది) బొమ్మ సైజును 128×128కి దించండి. బైలీనియర్ అనే పద్ధతి అయితే పక్క రంగులు కలిసి అంచులు ఇంకా పాడవుతాయి. తర్వాత ఏస్‌ప్రైట్ అనే పిక్సెల్ ఆర్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఇండెక్స్‌డ్ మోడ్‌కి (ఎంచుకున్న కొన్ని రంగులే వాడే పద్ధతి) మార్చి 16 రంగులకు కుదించండి. కళ్లు, వేళ్లు, అవుట్‌లైన్ చేత్తో దిద్దాల్సిందే.

నడక యానిమేషన్ మాత్రం ఏఐకి అప్పగించొద్దు. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ జుట్టు, బొత్తాలు మారిపోతాయి. నిలబడ్డ బొమ్మ ఒక్కటి తీసుకుని, కాళ్లూ చేతులూ వేర్వేరు లేయర్లుగా కత్తిరించి మీరే కదపడం ఎంతో నయం.

గేమ్‌ని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో పెట్టేటప్పుడు, అక్కడ నింపాల్సిన కంటెంట్ సర్వే ఫారంలో ఏఐ వాడకం చెప్పాలి. 2024 జనవరిలో ఆ నిబంధన వచ్చింది.