లైన్ పోయింది

పోయిన ఆదివారం మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతుండగా ఠక్కున ఆగిపోయింది. "అయ్యో, లైన్ పోయింది" అన్నాను. విజయవాడ నుంచి సెలవులకు వచ్చిన మనవడు హాల్లోంచే, "ఎవరితో మాట్లాడుతున్నావు నాయనమ్మా?" అని అడిగాడు. వాడికి లైన్ అంటే ఫోనే. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో లైన్ అంటే కరెంటు. పక్కింటి ఒడియావాళ్లు "లైన్ నాహిఁ" అంటారు, వాళ్ల నోట విని విని మాకూ పట్టుబడింది. తీగలో పారేదానికి తీగ పేరే పెట్టేసుకున్నాం.

30 ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, ఇంత మంచి అవకాశాన్ని వదులుకుంటానా! పచ్చడి ఎలాగూ ఆగింది కనుక వాడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. లాటిన్‌లో లీనమ్ అంటే అవిసె మొక్క. దాని నారతో పేనిన దారం లీనియా. ఇంగ్లీషు లైన్ పుట్టింది అక్కడినుంచే. లినెన్ బట్ట కూడా దానికి దగ్గరి చుట్టమే. అంటే ముందు దారం, ఆ తర్వాతే గీత. తాపీమేస్త్రి రెండు మేకుల మధ్య బిగించి కట్టే దారాన్ని చూసినవాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. మన సూత్రమూ అంతే కదా. మంగళసూత్రంలో దారంగానే ఉంది, లెక్కల పుస్తకంలోకి వెళ్లేసరికి రూపం మార్చింది. "అయితే ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌ను మెడలో కట్టుకోవచ్చన్నమాట" అన్నాడు వాడు. వెటకారం వాళ్ల తాత పోలిక.

రేషన్ కొట్టు ముందు లైను, మాట వినని పిల్లవాడిని లైన్లో పెట్టడం, ఇవి వాడికి తెలిసినవే. వీధి మలుపులో కుర్రాళ్లు వాడే అర్థం ఇంకొకటి ఉంది. అది నాకంటే వాడికే బాగా తెలుసు కాబట్టి దాని జోలికి పోలేదు.

మా ఊరివాళ్లకు మరో లైనుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పడింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఇటు తెలుగువైపు మిగిలింది. అది నచ్చకే గిడుగు రామమూర్తి గారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. నేల మీద వెతికితే ఆ గీత కనబడదు. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు మారతాయి, అంతే. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి వచ్చే చిన్న బండి రోజూ దాన్ని దాటుకుంటూనే పోయేది. 1900లో వేసిన, పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉన్న లైను అది. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. 2004లో ఆ బండిని ఆపేసి పెద్ద లైను వేశారు.

నాన్న స్టేషన్ మాస్టరు. నౌపడకు అటూ ఇటూ, మద్రాసు పెద్ద లైను మీద చిన్న చిన్న స్టేషన్లలో పనిచేశారు. ఒకసారి నన్ను తన గదిలో స్టూలు మీద కూర్చోబెట్టారు. బల్ల మీద ఒక పెట్టె, దాని ముఖాన గడియారంలాంటి డయల్, అందులో ఒక ముల్లు. ఆ ముల్లు ఆగే చోట్లు మూడే: లైన్ క్లోజ్డ్, లైన్ క్లియర్, ట్రెయిన్ ఆన్ లైన్. బండిని పంపాలంటే గంట కొట్టి తర్వాతి స్టేషన్‌ను అడగాలి. అక్కడి మాస్టరు పిడి తిప్పితేనే ఇక్కడ ముల్లు క్లియర్ మీదికి వస్తుంది.

"మనమే తిప్పుకోకూడదా నాన్నా?" అన్నాను.

"మన బండి వెళ్లేది వాళ్ల దగ్గరికి కదమ్మా. రమ్మనాల్సింది వాళ్లు."

బండి అక్కడికి చేరిందని గంట మోగగానే ముల్లు మళ్లీ క్లోజ్డ్ మీదికి వచ్చేసింది. నాకు అది వింతగా తోచింది. కనుచూపు మేర బండి లేదు, పట్టాలు ఎండలో ఖాళీగా మెరుస్తున్నాయి, అయినా లైన్ మూసే ఉంది! తర్వాతి బండికి మళ్లీ గంట కొట్టి అడగవలసిందే. ఇచ్చిన క్లియర్ కూడా పక్క స్టేషన్ వరకే.

రిటైరయ్యాక ఆయనకు దినపత్రిక పెద్ద తలనొప్పి అయింది. ఫలానా నాయకుడి టికెట్‌కు లైన్ క్లియర్, ఫలానా వంతెనకు లైన్ క్లియర్. ఇక అడ్డంకి అనేదే ఉండదన్న ధోరణిలో రాసేవారు. అదే వంతెనకు మూడు నెలలు పోయాక మళ్లీ లైన్ క్లియర్! నాన్న ఎర్ర పెన్నుతో ఆ మాట కింద గీత గీసి, పక్కన "ఏ స్టేషన్ దాకా?" అని రాసేవారు. భాషలో మాటలు అలాగే సాగుతాయని చెప్పబోతే, "నువ్వు ఇంగ్లీషు టీచరువి, నీకు బళ్ల సంగతి తెలియదు" అనేవారు.

ఆ పేపర్లన్నీ అమ్మ ఒకసారి పాత కాగితాలవాడికి వేసింది. తూకం వేస్తూ అతను ఎర్రగీతలు చూసి, "మీ ఇంట్లో ఎవరైనా పరీక్షకు చదువుతున్నారా అమ్మా?" అని అడిగాడట.