బిళ్ళ మీద గీత పైకి లేచిందా, లోపలికి దిగిందా?

పర్లాకిమిడిలో మా కొట్టుకి సంత రోజున చింతపండు అమ్మే అప్ప ఒకామె వస్తుంది. మొన్న కొంగుముడి విప్పి, పాతకాలం మందం ఐదు రూపాయల బిళ్ళ నా చేతిలో పెట్టి, "బాబూ, ఇది లచ్చల్లో పోతాదట, మా మనవడు ఫోన్లో చూసినాడు" అంది. సింహాల పక్కన అక్షరాలు తిరగబడి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. మనవడు దాన్ని "లఖీ" అనే ముద్రణ తప్పు నాణెం అనుకున్నాడు. అమ్మిపెడతామన్న వాళ్ళెవరికో రిజిస్ట్రేషన్ ఫీజు అని పదిహేను వందలు పంపేశాడు కూడా.

లఖీ అనేది నిజంగానే ఉంది. మింట్‌లో, అంటే నాణేలు తయారుచేసే చోట, ముద్ర పడిన నాణెం కింద పడకుండా అచ్చుకే అతుక్కుపోతే, తర్వాత వచ్చే ఖాళీ బిళ్ళకి ఒక వైపు మామూలు ముద్ర, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి, లోపలికి గుంటగా పడుతుంది. అలాంటి బిళ్ళకి గుంటపడిన వైపు ఇంకే బొమ్మా ఉండకూడదు, ఎందుకంటే అక్కడ అచ్చు అసలు తగలనే లేదు. అప్ప తెచ్చినదాంట్లో తిరగబడ్డ అక్షరాల కింద సింహాలు నలిగి కనిపిస్తున్నాయి, వెనక సరిగ్గా అదే చోట 5 అంకె చదునైపోయింది. అంటే ముందు మంచి ముద్ర పడింది, తర్వాత ఎవరో దాని మీద స్టీలు రూపాయి పెట్టి సుత్తితో కొట్టారు. ఆ ఐదు రూపాయలది రాగి, నికెల్ కలిసిన లోహం, స్టీలు కంటే మెత్తన.

ఇలాంటివి మా వైపు చాలా తిరుగుతాయి. గుణుపూర్ చిన్న రైలు నడిచిన రోజుల్లో పట్టాల మీద బిళ్ళలు పెట్టని పిల్లలు లేరు. రైలు కింద నలిగినది కోలగా సాగుతుంది, అక్షరాలు కూడా దాంతోపాటే సాగుతాయి. మింట్‌లో చుట్టూ పట్టి ఉంచే కట్టు లేకుండా ముద్ర పడిన బిళ్ళ కూడా వెడల్పుగానే ఉంటుంది, కానీ మధ్యలో బొమ్మ చెక్కుచెదరదు, చుట్టూ మాత్రం ఖాళీ అంచు మిగులుతుంది.

నేను మొదట చూసేది ఒకటే: తేడా పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం పోయి నాణెం మీద సన్నటి గట్టులా లేస్తుంది, గోరుతో రాస్తే తగులుతుంది. గీత లోపలికి దిగిందంటే చాలావరకు అది బజారులో పడినదే.

అరుగుదల దగ్గర ఇంకా నిదానంగా చూడాలి. అరగడం ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోటే మొదలవుతుంది, అంటే సింహం ముఖం, జూలు, అంచు. నా దగ్గర ఒక రూపాయి ఉంది, సింహాల జూలు వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తుంది, కింద "సత్యమేవ జయతే" మాత్రం లేదు. ఎత్తుగా ఉన్నది నిలిచి, పల్లంలో ఉన్నది అరగదు కదా! అచ్చులో ఆ అక్షరాల గుంటల్లో గ్రీజు పేరుకుని ఉంటుంది. అదే సింహాలు కూడా నున్నగా ఉంటే, అది జేబుల్లో తిరిగి అరిగిన బిళ్ళ, అంతే. అక్షరాలన్నీ ఒకేలా సన్నబడి, తూకం కూడా తగ్గితే, ఎవరో యాసిడ్‌లో వేశారని నాకు అనుమానం వస్తుంది.

సంవత్సరం కింద ఏ మింట్‌దో చెప్పే గుర్తు లేని బిళ్ళని కూడా ఎర్రర్, అంటే ముద్రణ తప్పు, అని అమ్ముతున్నారు, ఇది నాకు చాలా కోపం తెప్పిస్తుంది. హైదరాబాద్‌ది నక్షత్రం, నోయిడాది చుక్క, ముంబైది డైమండ్, కోల్‌కతా మింట్ అసలు గుర్తే వెయ్యదు. గుర్తు లేని బిళ్ళలు మా గల్లాలో రోజూ పడతాయి.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఇంకొకటి. సింహాలు నిటారుగా ఉండేలా బిళ్ళని పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పండి. మన నాణేలకి వెనక అంకె కూడా నిటారుగానే రావాలి. కొద్దిగా వాలితే మామూలే, బాగా పక్కకి వాలినా, తలకిందులైనా అచ్చు తిరిగిపోయిందన్నమాట. దీన్ని సుత్తితో ఎవరూ తయారు చెయ్యలేరు, అందుకే నాకు ఈ రకం అంటే ఇష్టం.

అప్పకి ఇవన్నీ చెప్పలేదు. బిళ్ళ వెనక్కి తిప్పి, చదునైన 5 మీద ఆమె వేలే పెట్టించాను. కాసేపు తడిమి, "కొట్టినారన్నమాట" అంది. పాత నోట్లు, నాణేలు కొంటామని తమ పేరు వాడుకుని ఫీజులు, పన్నులు అడిగేవాళ్ళని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ మాట మనవడికి ఫోన్ చేసి నేనే చెప్పాను, ఇంకో రెండు వేలు పంపమని అప్పటికే అడిగారట. పంపలేదు. మొదటి పదిహేను వందలు మాత్రం రాలేదు, ఆమె రెండు సంతల చింతపండు డబ్బులవి.