టీచర్, వీడు నన్ను చూస్తుండు!

నేను పనిచేసేది హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ దిక్కు ఒక బస్తీలో ఉన్న సర్కారు ప్రైమరీ స్కూల్‌లో. ఒకటి, రెండు తరగతులు ఒక రూమ్‌లో కూర్చుంటయి, మూడు నాలుగు అయిదు పక్క రూమ్‌లో, మేమిద్దరం టీచర్లం అటూ ఇటూ తిరుగుతుంటం. పొద్దున నేను గేటు దాటి లోపలికొస్తే చాలు, బ్యాగు కూడా కింద పెట్టనియ్యరు, గుంపంతా చుట్టూ చేరిపోతది. "టీచర్, వీడు నన్ను చూస్తుండు." "టీచర్, ఆమె నా పెన్సిల్‌ని చూసి నవ్వింది." "టీచర్, రాత్రి వీడు నా కలలకొచ్చి కొట్టిండు." ఈ చివరిది నిజంగా వచ్చిన కంప్లైంటే అండి. కొట్టినోడిని పిలిచి అడిగిన. వాడు కాసేపు బాగా ఆలోచించి, "నేను రాత్రి జల్దీ పండుకున్న టీచర్, నేను పోలే" అని చెప్పిండు. కంప్లైంట్ ఇచ్చినోడు కూడా "అయితే సరే" అని ఒప్పుకున్నడు, ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని పోయిండ్రు!

కొంతమంది "ఈ చాడీలన్నీ వింటూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్తరు మేడమ్" అని అడుగుతరు. నాకైతే ఈ చాడీలే పాఠం అనిపిస్తది, ఎందుకో చెప్త.

మా క్లాసులో తెలుగు ఇంట్లో మాట్లాడేటోళ్లు సగం మందే. మిగతా పిల్లల ఇండ్లల్ల ఉర్దూ, హిందీ, లంబాడీ, ఒడియా నడుస్తయి, అమ్మానాన్నలు బిల్డింగ్ పనులకి, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ పనికి వచ్చినోళ్లు. దానికి తోడు 2022-23 నుంచి సర్కారు బడుల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టిండ్రు కదా, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. ఇన్ని భాషల మధ్య ఆరేండ్ల పిల్ల నోరు విప్పాలంటే ఏదో ఒక గట్టి అవసరం పడాలె. ఒడిశా నుంచి వచ్చిన ఒక పాప జూన్‌లో చేరింది, దసరా సెలవుల దాకా ఒక్క మాట లేదు, ఏం అడిగినా తల ఊపుడే. బొమ్మలు చూపించిన, పాటలు పాడించిన, పలకలేదు. సెలవులైనంక ఒక రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, గుడ్డు పెట్టే రోజు అది, ఒక్కసారిగా లేచి నిలబడి "టీచర్, వీడు నా గుడ్డు లోపలి పచ్చది తిన్నడు!" అని అరిచింది. పూర్తి వాక్యం, ఒక్క తప్పు లేదు. నాకు ఎంత సంతోషమైందంటే ముందు చప్పట్లు కొట్టిన, ఆ తర్వాతే పచ్చది సంగతి చూసిన.

గుడ్డు రోజు మా వరండా చూడాలె అసలు. తెల్లది తినేటోళ్లు, పచ్చది తినేటోళ్లు అని రెండు పార్టీలు, ప్లేట్లు పట్టుకుని బేరాలు. 2015 జనవరి నుంచి బడుల్ల సన్నబియ్యం వచ్చినంక అన్నం మిగిల్చే పిల్లలు తక్కువే, గుడ్డు దగ్గర మాత్రం పంచాయితీ తప్పదు.

బేరమంటే మూడో తరగతి లెక్కల పీరియడ్ గుర్తొచ్చింది. "కిలో టమాటా నలభై రూపాయలు, పావుకిలో ఎంత?" అని బోర్డు మీద రాసిన. అందరూ వేళ్లు లెక్కపెడుతున్నరు. ఒక పిల్లగాడు, వాళ్లమ్మ కృష్ణానగర్‌లో కూరగాయల బండి పెడుతది, వెంటనే "పదిహేను" అన్నడు. పది కదరా అంటే నా వైపు జాలిగా చూసి "పది ఎట్లొస్తది టీచర్, పావుకిలో తీసుకుంటే పదిహేను, అర్ధకిలోకి ఇరవై అయిదు, కిలో తీసుకుంటేనే నలభై. పదికిస్తే మా అమ్మకి ఏం మిగులుతది?" అని నాకు వ్యాపారం మొత్తం వివరించిండు. మరి వాడు చెప్పింది తప్పా? మన కూరగాయల బండి దగ్గర జరిగేది అదే కదా! ఆ రోజు పుస్తకం పక్కన పెట్టి, పావుకిలో చొప్పున నాలుగుసార్లు కొంటే ఎంత, ఒకేసారి కిలో కొంటే ఎంత, తేడా ఎంత అని వాడితోనే బోర్డు మీద లెక్క చేయించిన. భాగహారం అంటే భయపడే పిల్లలు కూడా ఆ రోజు లేచి నిలబడి వాదించిండ్రు.

2024 నవంబర్‌లో ఇంటింటి కుల సర్వే వచ్చినప్పుడు ప్రైమరీ బడులు ఒంటిపూట నడిపి, మధ్యాహ్నం మమ్మల్ని ఫారాలిచ్చి ఇండ్ల మీదికి పంపిండ్రు. ఒక ఇంటి తలుపు కొడితే తీసింది మా రెండో తరగతి పిల్లగాడు. నన్ను చూసి మొఖం తెల్లబోయి లోపలికి ఉరికిండు, "అమ్మా, టీచర్ మనింటికే వచ్చింది, నేనేం చెయ్యలే అమ్మా, ఒట్టు!" అని. వాళ్లమ్మ నవ్వుకుంటూ వచ్చి కుర్చీ వేసింది. టీవీ ఉందా, బండి ఉందా అని అడుగుతూ ఫ్రిజ్ దగ్గరికొస్తే ఆమె "లేదు మేడమ్" అంది. కర్టెన్ వెనక నుంచి "ఉంది కదమ్మా, టీచర్‌కి అబద్ధం చెప్పొద్దు" అని వాడి గొంతు. "అరేయ్, అది పాడైందిరా!" అని ఆమె. పాడైన ఫ్రిజ్‌ల బట్టలు పెట్టుకుంటరంట, అది కూడా వాడే చెప్పిండు. తెల్లారి క్లాసులో "టీచర్ మా ఇంట్ల చాయ్ తాగింది" అని డప్పు కొట్టిండు, ఇగ అప్పటి నుంచి మిగతా అందరూ "మా ఇంటికి ఎప్పుడొస్తవ్ టీచర్" అని ఒకటే పట్టు. వీలైనప్పుడల్లా పోతున్న కూడా. పిల్లలు ఏ గదిలో, ఎంతమంది మధ్య కూర్చుని హోంవర్క్ చేస్తరో చూసినంక నేను హోంవర్క్ ఇచ్చే పద్ధతే మారిపోయింది.

చదవడం, లెక్కలు గట్టిపడాలని 2022 ఆగస్టు 15న సర్కారు బడుల్ల తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది, పిల్లలు సొంతంగా చదవాలె, సొంతంగా రాయాలె అనేది దాంట్ల ముఖ్యం. సొంతంగా రాయమని "నా పల్లె", "నా ఆవు" ఇస్తే బస్తీ పిల్లలు ఏం రాస్తరు చెప్పండి? అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని టేబుల్ మీద పెట్టిన. చాడీ ఏదున్నా దాంట్ల రాయాలె, రాసింది నేను క్లాసులో చదువుత, అప్పుడే విచారణ. దెబ్బ తగిలినా, ఏడుస్తున్నా మాత్రం రాసేదేం లేదు, నేరుగా నా దగ్గరికే రావాలె. మొదటి వారం "వడు నన కొటడు" లాంటివే వచ్చినయి. తర్వాత ఒత్తులొచ్చినయి, దీర్ఘాలొచ్చినయి. రాయమంటే పెన్సిల్ పోయిందని తప్పించుకునే పిల్లగాడు, సాక్షుల పేర్లతో సహా అర పేజీ రాసిండు మొన్న, అన్యాయం జరిగితే చేతికి అంత బలమొస్తది!

గుడ్డు పాప ఇప్పుడు రెండో తరగతి, అందరికంటే బాగా రాస్తది. రాయడం రానోళ్లకి వాళ్ల కంప్లైంట్ ఆమే రాసి పెడుతుంది, ఒక్కోదానికి ఒక రబ్బరు ముక్క ఫీజంట. నిన్న ఆ ఫీజు మీద కూడా కంప్లైంట్ వచ్చింది, రాసింది ఆమే, దానికీ రబ్బరు తీసుకుంది.