వత్తులు పక్కకి ఎందుకు జరిగాయంటే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగువాళ్ళ సావనీర్‌ని పేజీలు కూర్చే లువాలాటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేస్తున్నాం, టెంప్లేట్ కొత్త వెర్షన్ వేశాక వత్తులన్నీ అక్షరం కింద కాకుండా పక్కకొచ్చి పడ్డాయి, పాత పీడీఎఫ్‌లో చూస్తే బానే ఉన్నాయి. అందరూ ఫాంటే పాడైందన్నారు గానీ నాకు నమ్మకం కుదర్లేదు. ఫైల్‌ని సగానికి సగం కోసుకుంటూ పోతే చివరికి "రాష్ట్రం" అన్న ఒక్క మాట మిగిలింది, ష కింద ట వత్తుతో పాటు ఉండాల్సిన ర వత్తు ఊడిపోయి పక్కన నిలబడి ఉంది, ఇంక పాత మార్పుల్ని సగం సగం చేసుకుంటూ వెతికే గిట్ బైసెక్ట్ పెడితే ఏ మార్పుతో పోయిందో దొరికేసింది. ఫాంట్ లైన్లో, అక్షరాలకి వత్తుల్ని సరిగ్గా పేర్చే హార్ఫ్‌బజ్‌ని వాడమని చెప్పే రెండరర్ హార్ఫ్‌బజ్ అన్న ఆప్షన్ ఎవరో తీసేశారు! అది లేకపోతే లువాలాటెక్ తన సొంత పద్ధతైన నోడ్ మోడ్‌లో నడుస్తుంది, మా ఫాంటుకి అందులో వత్తులు నిలవట్లేదు. లువాలాటెక్ వచ్చే టెక్ లైవ్ ప్యాకేజీ 2020 వెర్షన్ నుంచీ హార్ఫ్‌బజ్ లువాలాటెక్ లోపలే ఉంది కదా, తెలుగుకి ఆ ఆప్షన్ తప్పనిసరిగా రాసుకోవాలనే అంటాను. ఇక్కడ బడిలో ఒడియా చదివే మన పిల్లలు తెలుగు చూసేదే కొన్ని పేజీలు, అవి విరిగిన అక్షరాలతో వెళ్తే నేను ఊరుకోలేను. ఆ "రాష్ట్రం" అన్న మాటతోనే చిన్న టెస్ట్ పెట్టేశా.