పాల కేంద్రాలకన్నా ముందు జనన చిట్టా

న్యూయార్క్ శిశు ఆరోగ్య విభాగం గురించి ఎప్పుడు చదివినా పసిబిడ్డలకి శుభ్రమైన పాలు ఇచ్చిన పాల కేంద్రాల ముచ్చటే కనిపిస్తుంది. నా లెక్కలో అసలు తెలివి జనన నమోదు చిట్టాలో ఉంది.

1908 వేసవి. సెలవులు కాబట్టి బడులు చూసే నర్సులు ఖాళీగా ఉన్నారు. తర్వాత ఆ విభాగానికి అధిపతి అయిన డాక్టర్ సారా జోసెఫిన్ బేకర్ వాళ్లలో 30 మందిని నగరంలోని ఇరుకైన పేదల పేట లోయర్ ఈస్ట్ సైడ్‌కి పంపారు. ముందురోజు నమోదైన పుట్టుకల చిరునామాలు పట్టుకుని, బిడ్డకి జబ్బు చేయకముందే గడప తొక్కడం పద్ధతి. చెప్పేది కొత్తదేం కాదు: చనుబాలే పట్టండి, కిటికీ తెరవండి, రోజూ నీళ్లు పోయండి, ఉక్కలో గుడ్డలు చుట్టకండి. ఆ పేటలో అంతకుముందు వేసవికన్నా 1200 చావులు తగ్గాయి. డబ్బాల్లో మూతల్లేకుండా అమ్మే పాలు ఎండకి విరిగి, విరేచనాలతో పిల్లలు పోయే కాలమది.

ఇంకోటి, కంటి మందు. అప్పట్లో పుట్టగానే కంట్లో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయకపోతే, గనేరియా అనే సుఖవ్యాధి సోకిన తల్లి బిడ్డకి చూపు పోయే ప్రమాదం ఉండేది. సీసాలో నిలవుంటే నీరు ఆవిరై మందు గాఢమయ్యేది, కళ్లే కాలేవి. పైగా సీసా శుభ్రంగా ఉండేది కాదు. బేకర్ మందుని తేనెమైనం గొట్టాల్లో నింపించారు. కంటికొకటి చొప్పున రెండు, వాడి పారేయడమే. మంత్రసాని కొలవాల్సిన పని లేదు.