కొలంబో నుంచి హంబన్‌తోట దాకా: ఓడలు ఆగే బెర్తులు ఎవరి చేతిలో ఉన్నాయి?

శ్రీలంక వెళ్లే మనవాళ్లు క్యాండీ, నువారా ఎలియా, సీతమ్మ గుడి చూసుకుని వచ్చేస్తారు. నా దారి వేరు. హిందూ మహాసముద్రంలో చైనా నౌకాదళం గురించి రాసే ప్రతి వార్తలోనూ కొలంబో, హంబన్‌తోట, మట్టల, ట్రింకోమలీ పేర్లే వస్తాయి. ఈ నాలుగింటినీ కలుపుతూ తిరిగాను. ఇలాగే వెళ్లాలనుకునేవాళ్లు ముందు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. రేవుల్లోకి పాస్ లేకుండా రానివ్వరు, చూడాల్సిందంతా బయటి నుంచే. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే పోలీసు స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

కొలంబో రేవు చూడటానికి మంచి చోటు ఫోర్ట్ ప్రాంతంలోని సంబోధి చైత్యం. రోడ్డుకి అడ్డంగా, కమానుల మీద నిలబెట్టిన తెల్లటి స్థూపం అది. చెప్పులు కింద వదిలి మెట్లెక్కాలి. మధ్యాహ్నమైతే అరికాళ్లు కాలిపోతాయి కాబట్టి ఉదయాన్నే వెళ్లడం మేలు. పైనుంచి దక్షిణ రేవు క్రేన్లు వరసగా కనిపిస్తాయి. అందులో సీఐసీటీ (కొలంబో ఇంటర్నేషనల్ కంటైనర్ టెర్మినల్స్) 2013లో మొదలైంది. 85 శాతం వాటా చైనా ప్రభుత్వ కంపెనీ చైనా మర్చంట్స్‌ది, 15 శాతం శ్రీలంక పోర్ట్స్ అథారిటీది.

2014 సెప్టెంబరులో, షీ జిన్‌పింగ్ కొలంబో వచ్చిన రోజుల్లోనే, చైనా జలాంతర్గామి ఒకటి సహాయక నౌకను వెంటబెట్టుకుని ఈ టెర్మినల్‌లోనే ఆగింది. మామూలుగా విదేశీ యుద్ధనౌకలు పోర్ట్స్ అథారిటీ బెర్తులకు వెళ్తాయి. ఇది మాత్రం చైనా కంపెనీ నడిపే కంటైనర్ బెర్తుకు వచ్చింది. ఢిల్లీ ఉలిక్కిపడింది జలాంతర్గామి వచ్చినందుకే కాదు, ఏ బెర్తుకు వచ్చిందో చూసి కూడా. చైనా స్థావరం పెట్టాలంటే ఒప్పందం కావాలి, పార్లమెంటులో గొడవ తప్పదు. బెర్తు నడిపే కంపెనీ తనదైతే దానికి అంత శ్రమ ఉండదు.

ఆ సంగతి భారత్‌కు అర్థమైందనడానికి సాక్ష్యం అదే దక్షిణ రేవులో ఉంది. 2025 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టిన వెస్ట్ టెర్మినల్‌లో అదానీకి 51 శాతం, శ్రీలంక కంపెనీ జాన్ కీల్స్‌కు 34, పోర్ట్స్ అథారిటీకి 15 శాతం వాటాలున్నాయి. దీనికి 55.3 కోట్ల డాలర్లు అప్పిస్తామని అమెరికా ప్రభుత్వ సంస్థ డీఎఫ్‌సీ 2023లో ప్రకటించింది. మరుసటి ఏడాది చివర అదానీ ఆ అప్పు వద్దనుకుని సొంత డబ్బుతోనే కట్టింది. అంతకుముందు, 2019లో, ఈస్ట్ టెర్మినల్‌ను భారత్, జపాన్‌లకు ఇస్తామని ఒప్పుకున్న కొలంబో, కార్మిక సంఘాల ఆందోళనతో 2021లో వెనక్కి తగ్గింది. దాని బదులు ఇచ్చిందే ఈ వెస్ట్. కొలంబో ఎవరికీ పూర్తిగా లొంగదు, ఎవరినీ పూర్తిగా వదులుకోదు.

దక్షిణానికి రైల్లో వెళ్లండి. కొలంబో ఫోర్ట్‌లో బెలియత్త వెళ్లే బండి ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకుంటే చాలా దూరం సముద్రం పక్కనే ప్రయాణం. గాలే స్టేషన్‌లో బండి వచ్చిన దిక్కునే వెనక్కి బయల్దేరుతుంది, అక్కడి నుంచి మీ సీటు ఎడమవైపుకు మారినట్టే. ఈ పట్టాల కథ కూడా మన విషయంలో భాగమే. 2004 సునామీలో దెబ్బతిన్న తీర మార్గాన్ని మాతర దాకా భారత్ ఇచ్చిన అప్పుతో మన ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ బాగుచేసింది. మాతర దాటాక బెలియత్త దాకా సుమారు 27 కి.మీ. చైనా ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు డబ్బుతో చైనా కంపెనీ వేసి, 2019లో ప్రారంభించింది. టికెట్ ఒకటే, అప్పులిచ్చినవాళ్లు మాత్రం ఇద్దరు. బెలియత్తలో పట్టాలు ఆగిపోతాయి. ఊరికి మించిన పెద్ద స్టేషన్ అది. అక్కణ్ణుంచి తంగల్ల మీదుగా బస్సు. తొందరైతే కొలంబో శివార్లలోని మకుంబుర నుంచి ఎక్స్‌ప్రెస్‌వే బస్సులున్నాయి. ఆ రోడ్డు 2020లో హంబన్‌తోట వైపు పూర్తయింది.

హంబన్‌తోట ఎండు నేల. ఉప్పు మడులు, ముళ్ల పొదలు, వెడల్పాటి ఖాళీ రోడ్లు. రేవు ఊరికి పడమరగా, పాత ఉప్పుకయ్య ఉన్నచోట నేలను లోపలికి తవ్వి కట్టారు. బ్రిటిషువాళ్ల మార్టెల్లో టవర్ (గుండ్రటి కాపలా బురుజు) ఉన్న గుట్ట మీద నుంచి చూపు సారించొచ్చు. లోతు 17 మీటర్లు, పెద్ద ఓడలకు సరిపోతుంది. తూర్పు పడమరల నౌకామార్గం ఇక్కడికి పది నాటికల్ మైళ్ల దూరంలోనే పోతుంది. అయినా మొదట్లో రేవు ఎందుకు పుంజుకోలేదంటే, ఓడ దగ్గరగా పోయినంత మాత్రాన ఆగదు. పక్క దేశాలకు సరుకు పంచే చిన్న ఓడలు, ఆ సరుకు కొనే ఊళ్లు ఉండాలి. అవి కొలంబోలో ఉన్నాయి, ఇక్కడ లేవు. పైగా ముఖద్వారంలో రాయి అడ్డొచ్చి పేల్చాల్సి వచ్చింది. చివరికి కలిసొచ్చింది కార్ల వ్యాపారం. చెన్నైలో తయారైన కార్లు కూడా ఇక్కడ ఓడ మారి వేరే దేశాలకు పోతాయి!

శ్రీలంక అప్పు తీర్చలేక ఈ రేవును చైనా జప్తు చేసుకుందని చెబుతుంటారు, ఆ కథ తప్పు. మొదటి దశకు చైనా ఎగ్జిమ్ బ్యాంకు 30.7 కోట్ల డాలర్లు 6.3 శాతం వడ్డీకి ఇచ్చింది. 2017లో చైనా మర్చంట్స్ 112 కోట్ల డాలర్లు చెల్లించి 99 ఏళ్ల లీజు తీసుకుంది. ఆ డబ్బుతో రేవు అప్పు రద్దు కాలేదు. శ్రీలంక దాన్ని విదేశీ మారక నిల్వలకు వాడుకుంది, ఎగ్జిమ్ బ్యాంకు అప్పు అలాగే ఉండిపోయింది. 2022లో దివాళా తీసేనాటికి దేశాన్ని ఎక్కువ నొక్కింది అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లు. కాబట్టి 'అప్పు తీర్చలేక రేవు జప్తు' అన్నమాట నిజం కాదు. అంతమాత్రాన రేవు వల్ల ముప్పు లేదనీ కాదు.

ముప్పు ఎక్కడుందో ఇంధన ట్యాంకుల దగ్గర చూడాలి. ఇక్కడి 14 ట్యాంకుల్లో సుమారు 80,000 ఘనపు మీటర్ల ఇంధనం పడుతుంది. ఎనిమిది ఓడల ఇంధనానికి, మూడు విమాన ఇంధనానికి, మూడు ఎల్పీజీకి. దూరప్రాంతాల్లో తిరిగే నౌకాదళానికి మొదట కావాల్సింది ఇంధనం, తాగునీరు, లోతైన బెర్తు. చైనా 2008 చివరి నుంచి ఏడెన్ సింధుశాఖకు ఎడతెగకుండా నౌకలు పంపుతోంది, 2017లో ఆఫ్రికాలోని జిబూటీలో స్థావరం తెరిచింది. ఈ మార్గానికి మధ్యలో ఉంది హంబన్‌తోట. కానీ యుద్ధం వస్తే? మందుగుండు గిడ్డంగులు లేవు, గగనతల రక్షణ లేదు, మరమ్మతు డాక్ లేదు. బ్రహ్మోస్ మోసే సుఖోయ్ స్క్వాడ్రన్ ఉన్న తంజావూరు సుమారు 560 కి.మీ. దూరంలోనే ఉంది. శాంతికాలంలో పనికొచ్చే చోటు ఇది, యుద్ధంలో నిలిచేది కాదు. లీజు ఒప్పందంలో సైనిక వాడకానికి చోటు లేదు, తన నౌకాదళపు దక్షిణ కమాండ్‌ను ఇక్కడికి తెస్తామని శ్రీలంక 2018లో ప్రకటించింది.

2022 ఆగస్టు 16న ఇక్కడికి వచ్చిన చైనా ఓడ యువాన్ వాంగ్-5 గురించి తెలుగు టీవీల్లో శ్రీహరికోట పేరు తెగ వినిపించింది. 222 మీటర్ల పొడవు, పైన పెద్ద పెద్ద డిష్‌లు. రాకెట్లను, క్షిపణులను వెంటాడి కొలతలు తీసే ఓడ అది. అప్పట్లో ఇలాంటివి చైనా సైన్యంలోని వ్యూహాత్మక సహాయక దళం కిందుండేవి. ఆ దళాన్ని 2024 ఏప్రిల్‌లో రద్దు చేసి ఏరోస్పేస్, సైబర్, సమాచార విభాగాలుగా విడగొట్టారు. హంబన్‌తోట నుంచి శ్రీహరికోట సుమారు 850 కి.మీ. అయితే రాకెట్ జాడ తీయాలంటే ఆ ఓడ రేవులో కూర్చోనక్కర్లేదు, నడిసముద్రంలో ఉండి ఇంకా దగ్గరికి రాగలదు. రేవుకు వచ్చేది ఇంధనం, సరుకుల కోసం. మన గోలంతా ఆగిన చోటు మీద నడిచింది, అసలు పని జరిగేది బయట. 2024లో కొలంబో ఏడాదిపాటు విదేశీ పరిశోధక నౌకలను ఆపేస్తే, చైనా పరిశోధక నౌక షియాంగ్ యాంగ్ హాంగ్-3 నేరుగా మాల్దీవుల రాజధాని మాలే వెళ్లింది.

మట్టల విమానాశ్రయానికి ఆటో మాట్లాడుకోవాలి, రానుపోను కలిపి. రన్‌వే 3,500 మీటర్లు, విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక దశలో దాని సరుకు గిడ్డంగుల్లో ధాన్యం నిల్వ చేశారు. చీకటి పడకముందే తిరిగి రావాలి, రోడ్డు మీదికి అడవి ఏనుగులొస్తాయి.

ట్రింకోమలీకి కొలంబో నుంచి రాత్రి రైలుంది. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు ఈ రేవు మీద బాంబులేశాయి. మూడు రోజుల ముందు, అదే దాడుల్లో భాగంగా, విశాఖపట్నం, కాకినాడల మీద కూడా పడ్డాయి. బ్రిటిషువాళ్లు కట్టిన 99 చమురు ట్యాంకులు, ఒక్కోటి 12,000 కిలోలీటర్లది, చైనా బే అనే చోట ఉన్నాయి. 2022 జనవరి ఒప్పందం ప్రకారం 24 శ్రీలంక పెట్రోలియం సంస్థవి, 14 మన ఇండియన్ ఆయిల్ అనుబంధ సంస్థ లంక ఐఓసీవి, మిగతా 61 ఇద్దరి ఉమ్మడి కంపెనీవి. 2025 ఏప్రిల్‌లో యూఏఈ కూడా చేరి ఇక్కడ ఇంధన కేంద్రం కడతామని సంతకాలయ్యాయి. లంక ఐఓసీ వాడే దిగువ ట్యాంకులు కంచె లోపల శుభ్రంగా ఉన్నాయి. ఎగువ ట్యాంకులు అడవిలో కలిసిపోయాయి. వాటిలో చమురు పోయాలంటే రోడ్లు, పైపులు, పంపులు మళ్లీ మొదటి నుంచి వేయాలి. హంబన్‌తోటలో మాత్రం ఓడలకు ఇంధనం నింపడం ఇప్పటికే నడుస్తోంది.